క్లాసు మధ్యలో "టీచర్, బాత్రూమ్" అంటే ఏం చేయాలి?

పంపేయాలి. అడిగిన వెంటనే, ఎందుకని అడక్కుండా, మొహం చిట్లించకుండా పంపేయాలి. ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. అయితే నలభై అయిదు మంది కూర్చున్న క్లాసులో పంపాలని మనసులో అనుకుంటే చాలదు, దానికో పద్ధతి కావాలి. పద్ధతి లేకపోతే పాఠం తెగిపోతుంది, ఒకరి వెనక ఒకరు లేస్తారు, నాలుగు రోజులు చూసి మనమే విసిగిపోయి "ఇంటర్వెల్‌లో ఏం చేశావ్?" అనే పాత ప్రశ్న దగ్గరికే వచ్చేస్తాం.

నేను ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. 6 నుంచి 10 దాకా అన్ని క్లాసులకీ వెళ్తాను. మా బళ్లో చేసి చూసి, నిలబడిన పద్ధతిని కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్ల కోసం రాస్తున్నాను. చివర్లో తల్లిదండ్రుల కోసం కూడా కొంత ఉంది.

ముందు ఇంటర్వెల్ లెక్క వేయండి

స్టాఫ్ రూంలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా వినపడే మాట ఒకటుంది: "ఇంటర్వెల్ ఉంది కదా మేడమ్, అప్పుడు వెళ్లొచ్చుగా." ఆ మాట అనేముందు ఒక కాగితం తీసుకుని లెక్క వేయమంటాను.

కేంద్ర ప్రభుత్వ స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమం మార్గదర్శకాల ప్రకారం 40 మంది పిల్లలకి ఒక టాయిలెట్ యూనిట్ ఉండాలి. యూనిట్ అంటే ఒక లెట్రిన్, మూడు యూరినల్స్. అన్నీ పనిచేస్తూ, అన్నిట్లో నీళ్లు వస్తున్న బడినే తీసుకుందాం. నాలుగు చోట్లు, 40 మంది. ఒక్కో చోటికి పదిమంది. మనిషికి రెండు నిమిషాలు వేసుకున్నా 20 నిమిషాలు పడుతుంది. మా ఇంటర్వెల్ 15 నిమిషాలు.

ఆడపిల్లల వైపు వచ్చేసరికి లెక్క ఇంకా దారుణంగా ఉంటుంది. చాలా బళ్లలో ఆ యూరినల్స్ అంటే మధ్యలో పొట్టి అడ్డగోడలు, ముందు తలుపు ఉండదు. ఆరో తరగతి పిల్లలు వాడతారేమో గానీ ఎనిమిది దాటిన పిల్లలు అటు వెళ్లరు. వాళ్లకి మిగిలేది తలుపున్న ఆ ఒక్క గదే. చున్నీ తీసి తలుపు మీద వేసుకుని, బొందు ముడి విప్పుకుని, మళ్లీ కట్టుకుని, బకెట్‌లో నీళ్లు పట్టి పోసి బయటికి రావడానికి మూడు నిమిషాలు తక్కువేం కాదు. 15 నిమిషాల్లో అయిదుగురు వెళ్లిరాగలరు. ఆ 40 మందిలో మిగతా 35 మంది ఎప్పుడు వెళ్లాలి? ఇదంతా నిబంధన ప్రకారం అన్నీ ఉన్న బడి లెక్క. ఒక గదికి తాళం వేసి ఉన్నా, ఒకదాంట్లో నీళ్లు రాకపోయినా ఏమవుతుందో మీరే వేసుకోవచ్చు.

లైన్లో ఎలాగూ పెద్ద క్లాసుల పిల్లలు ముందు ఉంటారు, చిన్నవాళ్లు వెనక్కి జరుగుతారు. ఇంకా ముగ్గురు ఉన్నారనగా బెల్ కొడతారు, పీఈటీ సార్ విజిల్ వేస్తారు, అందరూ క్లాసులకి పరిగెడతారు. తర్వాతి పీరియడ్‌లో పది నిమిషాలకి చిటికెన వేలు లేస్తుంది. ఆ పిల్ల ఇంటర్వెల్‌లో వెళ్లకపోవడం నిర్లక్ష్యం వల్ల జరగలేదు, వంతు రాకపోవడం వల్ల జరిగింది. అబ్బాయిలు కాంపౌండ్ గోడ పక్కకి పోయి కానిచ్చేస్తారు. అది మంచి అలవాటని అనను, కానీ వాళ్ల ఇబ్బంది మనకి కనపడకపోవడానికి కారణం అదే. ఆడపిల్లలకి ఆ దారి కూడా లేదు.

ఇక శరీరం సంగతి. పిల్లల మూత్రాశయం ఎంత పడుతుందో అంచనా వేయడానికి డాక్టర్లు ఒక చిన్న లెక్క వాడతారు. వయసుకి 2 కలిపి 30తో గుణిస్తే అన్ని మిల్లీలీటర్లు. ఆరేళ్ల పిల్లాడికి 240, పదేళ్ల పిల్లకి 360. మామూలుగా మూడు నాలుగు గంటలకోసారి వెళ్లాలనిపిస్తుంది. పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చే మా పిల్లలు ఎనిమిదింటికే ఇంట్లోంచి బయల్దేరతారు. బడి నాలుగింటికి వదిలితే ఇల్లు చేరేసరికి అయిదు. రోజూ బిగబట్టి బిగబట్టి అలవాటైతే మూత్రాశయం కింది కండరాలు బిగుసుకుపోయి, వెళ్లినప్పుడు కూడా పూర్తిగా ఖాళీ అవదు. మిగిలిపోయిన దాంట్లో బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆడపిల్లల్లో ప్రసేకం, అంటే మూత్రం బయటికి వచ్చే గొట్టం, పొట్టిగా ఉంటుంది కాబట్టి ఇన్ఫెక్షన్ తొందరగా పైకి పాకుతుంది. విసర్జన వ్యవస్థ పాఠంలో ఇవన్నీ బొమ్మ గీసి మరీ చెబుతాం. అదే పీరియడ్‌లో వేలెత్తిన పిల్లని కూర్చోమంటే ఆ పాఠానికి అర్థం ఉండదు.

చట్టం కూడా మన పక్షానే ఉంది. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని శారీరకంగా శిక్షించడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. బాత్రూమ్‌కి పంపకుండా కూర్చోబెట్టడం నా దృష్టిలో ఆ రెండిటి కిందికీ వస్తుంది. ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరువేరు టాయిలెట్లు ఉండాలని ఆ చట్టం షెడ్యూల్లోనే ఉంది. ఆరు నెలల్లో అన్ని బళ్లకీ టాయిలెట్లు కట్టించమని సుప్రీంకోర్టు 2012 అక్టోబరులో రాష్ట్రాలన్నిటికీ గడువు పెట్టింది. కట్టించింది వాడుకోవడానికే.

అడగనక్కర్లేని పద్ధతి

మా క్లాసుల్లో పిల్లలు పర్మిషన్ అడగరు. గుమ్మం పక్కన రెండు మేకులు, వాటికి రెండు అట్టముక్కలు వేలాడుతుంటాయి. ఒకటి అమ్మాయిలది, ఒకటి అబ్బాయిలది. ఒక్కో అట్టకి ఒకవైపు ఆకుపచ్చ కాగితం, రెండోవైపు ఎర్ర కాగితం అంటించి, పైన సెల్లో టేప్ వేశాం. పచ్చరంగు కనపడుతుంటే వెళ్లొచ్చు. వెళ్లేవాళ్లు అట్టని ఎరుపు వైపుకి తిప్పి వెళ్తారు, వచ్చాక పచ్చ వైపుకి తిప్పి కూర్చుంటారు. ఎరుపు ఉన్నంతసేపు ఇంకొకరు ఆగాలి. మరీ ఆగలేనివాళ్లు ఎరుపు ఉన్నా నా వైపు చూసి వెళ్లిపోవచ్చు, అది మొదటిరోజే చెబుతాను.

కొన్ని బళ్లలో పాస్ అని చెక్కముక్క ఇచ్చి పంపుతారు. నాకు అది నచ్చదు. పిల్లలు దాన్ని టాయిలెట్ లోపలికి తీసుకెళ్లి, ఎక్కడో తడి గోడ మీద పెట్టి, మళ్లీ తెచ్చి ఇంకొకరి చేతికిస్తారు. మేకుకి ఉండే అట్టతో ఆ బాధ లేదు. పైగా బోర్డు దగ్గర నిలబడి గుమ్మం వైపు ఒక్క చూపు చూస్తే బయట ఎవరైనా ఉన్నారో లేదో తెలిసిపోతుంది.

దీన్ని మొదలుపెట్టిన వారం కాస్త ఓర్చుకోవాలి. "ఒకరిని పంపితే పదిమంది లేస్తారు మేడమ్" అని మా తోటి టీచర్లు అన్నది మొదటి నాలుగైదు రోజులు నిజమే. కొత్త కదా, అట్ట తిప్పడమే ఒక సరదా. అవసరం లేనివాళ్లు కూడా తిప్పి వెళ్లొస్తారు. ఏమీ అనకండి. వారం గడిచేసరికి సరదా తీరిపోతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లొచ్చన్న ధీమా వచ్చాక, ముందుజాగ్రత్తగా లేచేవాళ్లు కూడా తగ్గిపోతారు. ఇప్పుడు నా పీరియడ్‌లో ఒకరో ఇద్దరో వెళ్తారు. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే వచ్చే పీరియడ్‌లో, రాగిజావ ఇచ్చే రోజుల్లో ఇంటర్వెల్ తర్వాతి పీరియడ్‌లో ఇంకో ఇద్దరు ఎక్కువ. ఆ సమయాల్లో నేను కొత్త పాఠం మొదలుపెట్టను. బొమ్మ గీయించడమో, నోట్స్ రాయించడమో పెట్టుకుంటాను.

వెళ్లినవాళ్లకి పాఠం పోతుందనే భయానికి ఒక చిన్న ఏర్పాటు ఉంది. బోర్డుకి కుడిచేతి వైపు చివర ఒక గీత గీసి, చెబుతున్న పాఠంలోని ముఖ్యమైన మాటలు ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోతాను. వచ్చినవాళ్లు ఆ వరస చూసుకుంటే ఎక్కడున్నామో తెలుస్తుంది. పక్కనున్నవాళ్లని గుసగుసగా అడగాల్సిన పని ఉండదు. ఇది బాత్రూమ్ కోసం మొదలైనా, ఆలస్యంగా వచ్చేవాళ్లకీ, చెవి సరిగా వినపడని ఒక పిల్లవాడికీ కూడా పనికొచ్చింది.

సమయం సంగతి మీ బడిని బట్టి ఉంటుంది. మా టాయిలెట్లు గ్రౌండ్ చివర ఉన్నాయి. మేడ మీది తొమ్మిదో తరగతి నుంచి వెళ్లిరావడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఒకసారి మీరే ఆ క్లాసు నుంచి నడిచి చూసుకోండి. అది తెలియకుండా "రెండు నిమిషాల్లో రావాలి" అని హుకుం జారీ చేస్తే పిల్లలు చేతులు కడుక్కోకుండా వచ్చేస్తారు. పదిహేను నిమిషాలు దాటితే మాత్రం ఒక పిల్లని పంపి చూసి రమ్మంటాను. కళ్లు తిరిగి పడిపోయి ఉండొచ్చు, బట్టలకి మరక అయి బయటికి రాలేక నిలబడి ఉండొచ్చు. బళ్లో ఏవైనా కట్టుబడి పనులు జరుగుతూ బయటి మనుషులు తిరుగుతున్న రోజుల్లో ఆడపిల్లల్ని ఇద్దరిద్దరిని పంపుతాను. ప్రాథమిక తరగతుల పిల్లల్ని ఎప్పుడూ జంటగానే పంపాలి.

మూడు పనులు మాత్రం చేయొద్దు. ఎన్నిసార్లు వెళ్లారో బోర్డు మీద రాయొద్దు. వెళ్లనివాళ్లకి మార్కులు, స్టార్లు ఇవ్వొద్దు. "ఒకటికా, రెంటికా" అని అందరిలో అడగొద్దు.

గడియ, బకెట్, లైటు

అట్టలు కట్టినంత మాత్రాన పిల్లలు వెళ్లరు. అక్కడ వెళ్లేలా ఉండాలి. నేను ప్రేయర్‌కి ముందు ఆడపిల్లల టాయిలెట్ల వైపు ఒకసారి వెళ్లొస్తాను. తలుపు వేసి లోపల గడియ పెట్టి చూస్తాను. ట్యాప్ తిప్పుతాను. బకెట్, మగ్గు ఉన్నాయో లేదో చూస్తాను. మూతున్న చెత్తబుట్ట ఖాళీ చేశారో లేదో చూస్తాను. మగపిల్లల వైపు మా పీఈటీ సార్ చూస్తారు.

గడియ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మా బళ్లో ఒక గదికి ఎప్పుడూ ఇద్దరు కలిసే వెళ్లేవాళ్లు. కబుర్లకి వెళ్తున్నారని టీచర్లు కోప్పడేవాళ్లు. వెళ్లి చూస్తే లోపల గడియ ఉంది, బాగానే ఉంది. కానీ ప్లాస్టిక్ తలుపు కుంగిపోయి అర అంగుళం కిందికి దిగింది. గడియ తోస్తే దాని రంధ్రంలోకి పోకుండా ఫ్రేమ్‌కి తగిలి ఆగిపోతోంది. చూసేవాళ్లకి గడియ ఉన్నట్టే ఉంటుంది, లోపల నిలబడినవాళ్లకే అది పట్టదని తెలుస్తుంది. అందుకని ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడేవాళ్లు. బజారు నుంచి వడ్రంగిని పిలిపించి, తలుపు ఎత్తించి, కీలు మార్పించి, గడియ రంధ్రంలోకి సరిగ్గా పోయేలా బిగించాం. ఒక పూట పని. ఆ తర్వాత ఆ గదికి ఒక్కొక్కరే వెళ్లొస్తున్నారు. ఇద్దరిద్దరు ఎందుకు వెళ్తున్నారన్న ప్రశ్నకి సమాధానం ఆ తలుపు దగ్గరే దొరికింది. మీ బళ్లోనూ ముందు అక్కడికే వెళ్లి చూడమంటాను.

డబ్బు లేదంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో తల్లికి వందనం పథకం కింద ఒక్కో పిల్లకి 15,000 రూపాయలు ప్రకటించి, అందులో 2,000 బడి నిర్వహణకి మినహాయించి 13,000 తల్లుల ఖాతాల్లో వేశారు. ఆ 2,000 బడి, టాయిలెట్ల నిర్వహణ కోసమే. కాబట్టి గడియ లేదని, ఆయా రావట్లేదని స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగ్‌లో తల్లులు అడగొచ్చు, మనమూ అడిగించొచ్చు. తెలంగాణలో అయితే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో మహిళా సంఘాల వాళ్లే ఉన్నారు, వాళ్లకి చెబితే తొందరగా అర్థమవుతుంది.

హెడ్మాస్టర్ గారిని ఒప్పించగలిగితే ఇంకో పని చేయండి. ఇంటర్వెల్‌ని రెండు బ్యాచ్‌లు చేయండి. 6, 7, 8 తరగతులకి ఒక బెల్, అది అయ్యాక 9, 10కి ఇంకో బెల్. బయట పిల్లలుంటే లోపల పాఠం సాగదన్నది దీనికి వచ్చే అభ్యంతరం. కొంత గోల ఉన్నమాట నిజమే. అయినా లైను సగానికి తగ్గుతుంది, చిన్నపిల్లల వంతు వస్తుంది. 2019లో కేరళ బళ్లలో మొదలైన వాటర్ బెల్ గురించి వినే ఉంటారు, పిల్లల చేత నీళ్లు తాగించడానికి విడిగా బెల్ కొట్టడం. మన దగ్గర కూడా చాలా బళ్లు అందుకున్నాయి. తాగిన నీళ్లు గంటలో బయటికి రావాలి కదా. వాటర్ బెల్ పెట్టిన బళ్లో పాఠం మధ్యలో వెళ్లకూడదన్న నియమం ఉంటే పిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు.

ఆడపిల్లల నెలసరి

ఏడో తరగతి నుంచి ప్రతి క్లాసులో ఇది ఉంటుందని అనుకునే పద్ధతి పెట్టుకోవాలి. ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలి. బళ్లో ఉండేదే ఏడు గంటలు. అంటే బళ్లో ఉండగా కనీసం ఒకసారి తప్పదు, అది ఇంటర్వెల్ గుంపులో అయ్యే పని కాదు. గుంపు లేనప్పుడు, క్లాసు జరుగుతుండగా వెళ్లడమే వాళ్లకి సుఖం.

2021 అక్టోబరులో స్వేచ్ఛ పేరుతో 7 నుంచి ఇంటర్ దాకా చదివే ఆడపిల్లలకి నెలకి 10 న్యాప్‌కిన్లు ఇచ్చే కార్యక్రమం మన రాష్ట్రంలో మొదలైంది. ఇంటికి ఇచ్చే ప్యాకెట్ల సంగతి అలా ఉంచండి. పాఠం మధ్యలో హఠాత్తుగా కావాల్సి వచ్చే ఒక్క ప్యాడ్ ఎక్కడుందన్నది అసలు విషయం. చాలాచోట్ల అది హెచ్ఎం గారి గదిలో బీరువాలో ఉంటుంది. పదమూడేళ్ల పిల్ల మగ టీచర్లు కూర్చున్న గదిలోకి వెళ్లి అడగదు, దానికంటే నాలుగు పీరియడ్లు కదలకుండా కూర్చుంటుంది. మేము ఒక గుడ్డసంచిలో ప్యాడ్లు, పాత న్యూస్‌పేపర్లు, ఒక ముదురు రంగు చున్నీ, రెండు సేఫ్టీ పిన్నులు పెట్టి టాయిలెట్ల దారిలో ఉండే సైన్స్ ల్యాబ్‌లో తలుపు వెనక తగిలించాం. తాళం లేదు, రిజిస్టర్ లేదు, ఎవరు తీసుకున్నారని అడిగేవాళ్లు లేరు. నెలకోసారి పదో తరగతి అమ్మాయిలే చూసి ఏం తగ్గిందో చెబుతారు.

మగ టీచర్లు "మాకెలా తెలుస్తుంది?" అంటారు. తెలియక్కర్లేదు. అట్ట తిప్పి వెళ్లే పద్ధతిలో ఉన్న పెద్ద మేలు అదే. మా లెక్కల మాస్టారు పాతకాలం మనిషి, ఈ మాట నోటితో అనడానికే ఇబ్బంది పడతారు. అయినా ఆయన క్లాసులో ఏ పిల్లా ఇబ్బంది పడదు, ఎందుకంటే అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోవాల్సిన పని లేదు.

ఎక్కువసార్లు వెళ్లేవాళ్లు, అసలు వెళ్లనివాళ్లు

ఎగ్గొట్టడానికి వెళ్లేవాళ్లు ఉంటారా? ఉంటారు. వాళ్లని పట్టుకోవడం కంటే ఏ పీరియడ్‌లో వెళ్తున్నారో గమనించడం మేలు. తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి సోషల్ పీరియడ్‌లో మాత్రమే, అదీ వరసగా ఒక్కొక్కరి చేత పాఠం చదివించేటప్పుడు తన వంతు రెండు బెంచీల దూరంలో ఉండగా లేచి వెళ్లేవాడు. విడిగా కూర్చోబెట్టి చదివించి చూస్తే ఒత్తులు, గుణింతాలు కలిసిన మాటలు చదవలేకపోతున్నాడు. సోషల్ మేడమ్ గారు వరసగా చదివించడం ఆపి, ఇద్దరిద్దరిని కలిపి చదివించడం మొదలుపెట్టారు. సాయంత్రాలు తెలుగు మాస్టారు వాడికి కొంచెం సాయం చేశారు. బయటికి పోవడం దానంతటదే తగ్గింది. ఫోన్ కోసమో, పక్క క్లాసు స్నేహితుడి కోసమో వెళ్లేవాళ్లతో విడిగా మాట్లాడితే సరిపోతుంది. ఇద్దరి కోసం నలభై మందికి తలుపు మూయడం న్యాయం కాదు.

హఠాత్తుగా ఒక పిల్లో పిల్లాడో మాటిమాటికీ వెళ్తూ, మాటిమాటికీ నీళ్లు తాగుతూ, చూస్తుండగానే బరువు తగ్గిపోతుంటే దాన్ని అల్లరి కింద జమకట్టకండి. అవి టైప్ 1 డయాబెటిస్ లక్షణాలు. ఆ రోజే ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగర్ పరీక్ష చేయించమని చెప్పండి. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. మంట, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. మలబద్ధకం ఉన్న పిల్లలకి కూడా పేగు మూత్రాశయాన్ని నొక్కి మాటిమాటికీ వస్తుంటుంది.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది అసలు వెళ్లని పిల్లలు. వాళ్లు ఎవరి క్లాసుకీ అడ్డం రారు కాబట్టి ఎవరికీ కనపడరు. వాళ్లని కనిపెట్టడానికి నా దగ్గరున్న దారి మంచినీళ్ల బాటిల్. మధ్యాహ్నం మూడింటికి బెంచీల మధ్య నడుస్తూ బాటిళ్లు చూస్తాను. పొద్దున నింపుకొచ్చిన బాటిల్ అలాగే మూతదాకా నిండుగా ఉందంటే ఆ పిల్ల రోజంతా నీళ్లు తాగలేదు. ఆటోలో దూరం నుంచి వచ్చే ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఎండాకాలం ప్రేయర్‌లో కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. టిఫిన్ తిన్నావా అంటే తిన్నానంది. నీళ్లు తాగావా అంటే తల దించుకుంది. తాగితే వెళ్లాల్సి వస్తుందని, బళ్లో వెళ్లడం తనకి భయమని, లోపల బల్లులున్నాయని మెల్లగా చెప్పింది. మేము ఆ గదికి లైటు పెట్టించి, వెంటిలేటర్‌కి మెష్ కొట్టించాం. మొదట్లో ఒక స్నేహితురాల్ని తోడిచ్చి పంపాం. "ఎందుకు తాగలేదు" అని మందలించి ఊరుకుంటే మనకి బల్లుల సంగతి తెలిసేదే కాదు.

ఒకటి రెండు తరగతుల పిల్లలు క్లాసులోనే పోసుకుంటే పెద్ద హడావిడి చేయకండి. బీరువాలో రెండు నిక్కర్లు, రెండు గౌన్లు ఉంచుకోండి. మిగతా పిల్లల్ని బయట చెట్టు కిందికి తీసుకెళ్లి పాట మొదలుపెడితే, ఆయా ఈలోపు అంతా సర్దేస్తుంది. ఎవరైనా నవ్వితే అక్కడికక్కడే ఆపండి. ఆ సాయంత్రం అమ్మకి చెప్పేటప్పుడు పిల్ల ముందు చెప్పకండి.

పరీక్షల్లో

స్లిప్ టెస్టులకి, యూనిట్ టెస్టులకి అట్ట పద్ధతే. పేపరు బోర్లించి వెళ్లమంటాను, అంతే. పదో తరగతి పబ్లిక్ పరీక్ష మన దగ్గర ఉదయం 9.30 నుంచి 12.45 దాకా. పిల్లలు భయంతో పొద్దున్నుంచీ నీళ్లు ముట్టరు, మార్చి ఎండలో అది ఇంకో ప్రమాదం. తెల్లవారి లేవగానే, టిఫిన్‌తో పాటు నీళ్లు తాగమనీ, హాల్లోకి పోయేముందు అవసరం ఉన్నా లేకపోయినా ఒకసారి వెళ్లి రమ్మనీ, మధ్యలో తప్పనిసరైతే ఇన్విజిలేటర్‌ని అడగడానికి మొహమాటపడొద్దనీ ప్రీ ఫైనల్స్ అప్పుడే చెప్పి అలవాటు చేయిస్తాం. ఇంజనీరింగ్ వైపు వెళ్లే పిల్లలకి ఇంకో విషయం తెలియాలి. జేఈఈ మెయిన్‌లో టాయిలెట్‌కి వెళ్లొస్తే మళ్లీ తనిఖీ, మళ్లీ బయోమెట్రిక్ ఉంటాయి. అందుకు పట్టే సమయాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

తల్లిదండ్రులకి

సాయంత్రం ఇంటికి రాగానే మీ పిల్ల బ్యాగు అక్కడ పడేసి బాత్రూమ్‌కే పరిగెడుతుంటే, రోజూ అలాగే జరుగుతుంటే, బళ్లో వెళ్లడం లేదని అర్థం. టీచర్ పంపట్లేదా, తలుపు సరిగా లేదా, నీళ్లు లేవా, ఎవరైనా ఏడిపిస్తున్నారా అని నిదానంగా ఒక్కొక్కటే అడగండి. తర్వాత టీచర్‌ని కలవండి. మొదటిసారే గొడవకి దిగితే పిల్ల మీద ప్రభావం పడుతుంది. ప్రైవేట్ బళ్లలో, ఇంటర్ హాస్టళ్లలో నోటిమాట కంటే కాగితానికి విలువ ఎక్కువ, కాబట్టి డైరీలో రాసి పంపండి. నేను రాసిస్తే ఇలా రాస్తాను:

"క్లాస్ టీచర్ గారికి నమస్కారం. మా అమ్మాయి బళ్లో ఉన్నంతసేపు బాత్రూమ్‌కి వెళ్లకుండా ఆపుకుంటోంది. దానివల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి మందులు వాడుతున్నాం. రెండు మూడు గంటలకోసారి వెళ్లాలని, నీళ్లు బాగా తాగాలని డాక్టర్ గారు చెప్పారు. చీటీ జత చేస్తున్నాను. క్లాసు మధ్యలో అడిగినా పంపవలసిందిగా కోరుతున్నాను. మిగతా సబ్జెక్ట్ టీచర్లకి కూడా ఈ విషయం తెలియజేయగలరు."

చివరి వాక్యం వదిలేయొద్దు. క్లాస్ టీచర్‌కి తెలిసినంత మాత్రాన హిందీ పీరియడ్‌లో, డ్రాయింగ్ పీరియడ్‌లో వచ్చేవాళ్లకి తెలియదు. జబ్బు లేకపోతే ఇన్ఫెక్షన్ గురించిన వాక్యాలూ డాక్టర్ మాటా తీసేసి మిగతాది రాయండి, అబద్ధం అక్కర్లేదు. వారం తర్వాత పిల్లని అడిగి చూడండి. అప్పటికీ మారకపోతే హెడ్మాస్టర్ గారికో ప్రిన్సిపాల్ గారికో అదే ఉత్తరం, తేదీ వేసి, ఒక నకలు మీ దగ్గర పెట్టుకుని ఇవ్వండి.